మాట పోయింది, బుద్ధి పోలేదు
(ఆదివారం కార్మికుల సమావేశంలో సంఘం ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము కూలి రేట్ల గురించి గాని, బోనసు గురించి గాని మాట్లాడబోవడం లేదు. మన తలలో ఉన్న మెదడు గురించి మాట్లాడదలచాం. "అది డాక్టర్ల సంగతి కదా, మనకెందుకు?" అని మీరు అడగవచ్చు. ఎందుకో తెలియడానికి ముందు, మా షెడ్డులో జరిగిన ఒక సంగతి చెబుతాం.

రాత్రి పాళిలో మాతో పనిచేసే పెద్దన్న ఒకాయన ఉన్నాడు. పేరు చెప్పం. ముప్పై ఏళ్లుగా సాంచా నడుపుతున్న మనిషి. ఒక రాత్రి రెండు గంటలప్పుడు ఆయన కుడి చేతిలోంచి కండె జారి కింద పడింది. తీసి నాడెలో పెట్టబోతే మళ్లీ పడింది. తెగిన పోగు అతకలేకపోయాడు. జాబర్ వచ్చి తిట్టాడు. మేమేమనుకున్నాం? తాగి వచ్చాడనుకున్నాం. సాంచాల చప్పుడులో మనం నోటితో మాట్లాడుకోం కదా, చేసైగలతోనే పని నడుస్తుంది. అందువల్ల ఆయన మాట పడిపోయిన సంగతి మాకు తెలియనే లేదు. ఓ మూల పడుకోబెట్టి, "పొద్దున్నకి దిగిపోతుందిలే" అనుకుని ఎవరి సాంచా దగ్గరికి వాళ్లం వెళ్లిపోయాం. ఏడు గంటలకు పాళి దిగాక చూస్తే మూతి ఒక పక్కకి వంగి ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు లేవలేదు.

ఆయనకు వచ్చింది పక్షవాతం. మేము పోగొట్టింది అయిదు గంటలు. ఆ అయిదు గంటల విలువ ఏమిటో తెలియాలంటే మెదడు ఎలా పనిచేస్తుందో తెలియాలి.

మనిషి మెదడు బరువు కిలో మీద మూడు, నాలుగు వందల గ్రాములు. ఒంటి బరువులో ఇది సుమారు 2 శాతమే. కాని ఒళ్లు ఊరికే ఉన్నప్పుడు ఖర్చుపెట్టే శక్తిలో 20 శాతం దాకా ఇదొక్కటే తీసుకుంటుంది. ఇందులో సుమారు 8,600 కోట్ల నాడీ కణాలున్నాయి. పనికి కావలసిన ప్రాణవాయువు, చక్కెర రక్తంతో పాటు క్షణక్షణం రావలసిందే. గోదాములో నూలు నిల్వ లేని కార్ఖానా లాంటిది మెదడు. సరుకు ఆగితే నిమిషాల్లో పని ఆగుతుంది.

మన మిల్లులో వార్పింగ్ ఒక చోట, సైజింగ్ ఒక చోట, నేత ఒక చోట జరిగినట్లే మెదడులోనూ పని పంపకం ఉంది. ఎడమ సగం కుడి చేతిని, కుడి కాలిని నడుపుతుంది. కుడి సగం ఎడమ వాటిని నడుపుతుంది. మాట్లాడే పని చాలామందిలో ఎడమ సగంలోనే ఉంటుంది. అందుకే కుడి చెయ్యి పడిపోయిన వారికి తరచు మాట కూడా పోతుంది.

ఈ సంగతి బయటపడడానికి కారణమైన వాడు మనవంటి కార్మికుడే. ఫ్రాన్సు దేశంలో లెబోర్న్ అనే అతను చెప్పులు కుట్టేవారికి కొయ్య అచ్చులు చేసేవాడు. సుమారు ముప్పై ఏళ్ల వయసులో మాట పోయింది. ఏది అడిగినా "టాన్, టాన్" అనేవాడు. అందరూ అతన్ని టాన్ అనే పిలిచారు. పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో 21 ఏళ్లున్నాడు. తర్వాతి కాలంలో కుడి చెయ్యి, ఆపైన కుడి కాలు కూడా పడిపోయాయి. 1861లో బ్రోకా అనే డాక్టరు అతన్ని పరీక్షించి, ఆసుపత్రికి వచ్చి ఎన్నేళ్లయిందని అడిగాడు. టాన్ ఎడమ చేతి అయిదు వేళ్లూ నాలుగుసార్లు చాపి, ఆపైన ఒక వేలు చూపాడు. లెక్క సరిపోయింది! నోరు పలకలేదు గాని, ప్రశ్న అర్థమైంది, లెక్క గుర్తుంది. కొద్ది రోజులకే అతను చనిపోయాడు. బ్రోకా మెదడును తీసి చూస్తే ఎడమ సగం ముందు భాగం చెడిపోయి ఉంది.

పక్షవాతంలో ఎక్కువగా జరిగేది మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడడం. కొందరిలో నాళం చిట్లి రక్తం కారుతుంది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీ కణాలు చచ్చిపోతాయని డాక్టర్లు లెక్కకట్టారు. గడ్డను కరిగించే ఇంజెక్షను ఉంది. దాన్ని మామూలుగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. ఎంత ముందైతే అంత మేలు. నాళం మూసుకుందా, చిట్లిందా అన్నది స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. పొరపాటున చిట్లిన వాడికి కరిగించే మందు ఇస్తే ప్రాణానికే ముప్పు. కనుక స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా తీసుకుపోవాలి.

ఇది గాలి సోకడం కాదు. పసరు పోయించడం, పావురం రక్తం రాయించడం అంటూ ఊళ్లు తిప్పితే పోయేది కాలమే. నోట్లో నీళ్లు, టీ, మాత్ర ఏదీ పోయకండి, వేయకండి. గొంతు పనిచేయక ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గుర్తుపట్టడానికి మూడు పనులు చేయండి. మనిషిని షెడ్డు బయటికి, చప్పుడు లేని చోటికి తీసుకురండి. నవ్వమనండి, మూతి వంగుతుందేమో చూడండి. రెండు చేతులూ ముందుకు చాపమనండి, ఒకటి కిందికి జారుతుందేమో చూడండి. పేరు చెప్పమనండి, మాట తడబడుతుందేమో వినండి. ఒక్కటి తేడా ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఎప్పుడు మొదలైందో టైము గుర్తుపెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.

మళ్లీ మా పెద్దన్న సంగతికి వద్దాం. మూడు నెలల తర్వాత సేఠు మనిషి ఒక కాగితం తెచ్చాడు. బాకీలన్నీ తీరిపోయాయని దానిలో రాసి ఉంది. "ఈయనకేం తెలుస్తుంది, వేలిముద్ర వేయించమ్మా" అని వదినతో అన్నాడు. పెద్దన్న ఎడమ చేత్తో ఆ కాగితాన్ని పక్కకు నెట్టేశాడు. తర్వాత మా వైపు చూసి చెయ్యి ఊపాడు. బుద్ధి పోయినవాడు చేసే పనేనా ఇది? ఆ కాగితం సంఘం చేతికి వచ్చింది. లెక్క మళ్లీ చూడాల్సిందేనని పట్టుబట్టాం. రావలసిన బకాయి చేతికి వచ్చింది.

ఇంకో మాట. చచ్చిన కణాలు తిరిగి బతకవు గాని, పక్కనున్న భాగాలు కొంత పని నేర్చుకుంటాయి. రోజూ వ్యాయామం చేయించాలి, మాట పలికించాలి. మాట రాని కొందరికి పాట వస్తుంది. పెద్దన్న ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. పేరు పలకలేడు గాని, భజనలో గొంతు కలుపుతున్నాడు.

ఇ.ఎస్.ఐ. దీర్ఘకాల వ్యాధుల జాబితాలో పక్షవాతం ఉంది. అర్హత ఉన్నవారికి 80 శాతం కూలి చొప్పున 2 ఏళ్ల దాకా రావచ్చు. కాని రిజిస్టరులో పేరే లేకపోతే ఏం వస్తుంది? కనుక ప్రతి కార్మికుని పేరూ ఇ.ఎస్.ఐ.లో ఎక్కించాలి. ఏడాదికి రెండుసార్లు అందరికీ బి.పి., షుగర్ చూడాలి. పక్షవాతానికి పెద్ద కారణం బి.పి. పక్క మనిషిని ఆదుకోవడానికి సాంచా ఆపితే కూలి కోయకూడదు. ఈ మూడు డిమాండ్లనూ ఈ సభ ముందు పెడుతున్నాం.

సాంచా ఆపితే నాలుగు గజాల బట్ట పోతుంది. ఆ రాత్రి మేము ఆపలేదు. మీరు ఆపండి.