రాజవొమ్మంగి ఇంకా చేరలేదు

(ఆదివాసీ దినోత్సవం నాడు మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆదివాసీ బాలికల విద్య మీద మాట్లాడమన్నారు. దాని మీద నాకంటే బాగా మాట్లాడగలవాళ్ళు ఇక్కడే ఉన్నారు. నేను నిరుడు కార్తీకంలో మా పిల్లలతో చేసిన సైకిల్ యాత్ర గురించి చెప్తాను. ఫోటోలు మీలో చాలామంది వాట్సాప్‌లో చూశారు, మెచ్చుకున్నారు. ఆ ఫోటోల్లో లేని సంగతి ఒకటుంది. అది చెప్పకుండా మెచ్చుకోళ్ళు తీసుకోవడం నాకు ఇబ్బందిగా ఉంది.

ముందు సైకిళ్ళ సంగతి. బడికొస్తా పథకంలో హైస్కూలు ఆడపిల్లలకు ఇచ్చిన సైకిళ్ళు మైదానంలో బాగా పనికొచ్చాయి. మన దగ్గర ఊరు కొండ మీద, బడి కొండ కింద. గేర్లు లేని సైకిలు దిగేటప్పుడు భయం, ఎక్కేటప్పుడు బరువు. చాలామంది పిల్లలు వాటిని ఊరికి తీసుకెళ్ళలేక హాస్టల్లోనే వదిలేశారు. మా స్టోర్ రూములో బియ్యం బస్తాల వెనక అవి తుప్పు పట్టి పడుండేవి. ఒకరోజు లెక్క చూద్దామని బయటికి తీయించాను. పిల్లలు లెక్క పెట్టనివ్వలేదు, ఎక్కేశారు. సాయంత్రం దాకా హాస్టల్ చుట్టూ ఒకటే గోల. యాత్ర ఆలోచన అక్కడ పుట్టింది. మెకానిక్‌ని పిలిపించి పద్నాలుగు సైకిళ్ళు బాగుచేయించాం. ట్యూబులు, చైన్లు, బ్రేకు రబ్బర్లు అన్నీ కొత్తవి వేయించాం.

ఎక్కడికి వెళ్ళాలో కూడా పిల్లలే చెప్పారు. సాంఘికశాస్త్రం పాఠంలో మూడు తేదీలుంటాయి కదా. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు, మొత్తం 26 తుపాకులు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె లేచి, "మేడం, వాళ్ళు బస్సులో వెళ్ళారా?" అనడిగింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా ఆ తేదీలు బట్టీ పట్టిస్తున్నాను. ఆ మూడు చోట్ల మధ్య ఎంత దూరం, ఎన్ని కొండలు అని నాకే ఎప్పుడూ తోచలేదు. ఆగస్టు వానల్లో, రాత్రీ పగలూ, ఆ కొండల్లో నడిచి వెళ్ళారు. ఆ దారి మనమూ చూద్దాం, సైకిళ్ళ మీద చూద్దాం అనుకున్నాం. మాది పాడేరు వైపు. జి.మాడుగుల మీదుగా చింతపల్లి మొదటి రోజు, లంబసింగి దాటి ఘాట్ దిగి కృష్ణదేవిపేట రెండో రోజు, కొయ్యూరు మీదుగా రాజవొమ్మంగి మూడో రోజు. వానల్లో ఘాట్‌లో మట్టి జారుతుంది కాబట్టి ఆగస్టు వద్దని, కార్తీకం పెట్టుకున్నాం.

అనుమతులకు, తల్లిదండ్రుల సంతకాలకు నెల పట్టింది. వేలిముద్ర వేస్తూ ఒక తల్లి, "ఆడపిల్లలు ఊరేగడం ఎందుకమ్మా" అంది. చివరికి పద్నాలుగు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, నేను, వెనక ఒక జీపు. జీపులో రెండు స్టెప్నీ సైకిళ్ళు, గాలి పంపు, వంట సామాను, మంచినీళ్ళ క్యాన్లు. నర్సు లేదు. అడిగితే ఎవరో ఒకరు వచ్చేవారు. నేను అడగలేదు.

మొదటి రోజు పండగే. వలిసె పూలు పూసి కొండవాలు పసుపుపచ్చగా ఉంది. కాఫీ తోటల్లో పళ్ళు ఎర్రబడుతున్నాయి. ఎక్కుడు వచ్చినచోట దిగి తోయడం, దిగుడులో కేకలు. సగం దారి తోయడమే, అది దాచను. ఊళ్ళ దగ్గర ముసలమ్మలు రోడ్డు మీదికి వచ్చి, "ఎవరి పిల్లలమ్మా, ఏ ఊరు?" అని అడుగుతుంటే పిల్లలు తమ ఊరి పేరు, ఇంటిపేరు గట్టిగా చెప్పేవారు. ఒకచోట దించి రాగి అంబలి పోశారు. డబ్బులిస్తే తిట్టారు. చీకటి పడేసరికి చింతపల్లి చేరాం.

మాకు ఒక నియమం ఉండేది. ముందున్నవాళ్ళు ప్రతి మలుపులో ఆగాలి, అందరికంటే వెనకున్న సైకిలు వచ్చాకే కదలాలి. రెండో రోజు పొద్దున ఆరింటికి బయల్దేరాం. మంచు. ముందు సైకిలు వెనక చక్రం కూడా కనబడదు. చలికి చేతులు హ్యాండిల్‌కి అంటుకుపోతున్నాయి. లంబసింగి చూడ్డానికి వచ్చే కార్లు హారన్లు కొడుతూ పక్కనుంచి పోతున్నాయి. కొందరు ఆగి, అడగకుండానే మా పిల్లలతో సెల్ఫీలు తీసుకున్నారు.

ఆ రోజు ఒక పిల్ల వెనకబడటం మొదలైంది. పేరు చెప్పను. తొమ్మిదో తరగతి. బస్సు ప్రశ్న వేసిన పిల్లే. మొదటి రోజు అందరికంటే ముందున్నది తనే. ప్రతి మలుపులో మేం ఆగడం, తను రావడం, బయల్దేరగానే మళ్ళీ వెనకబడటం. అలా నాలుగైదుసార్లు అయింది. నేను జీపు దిగి, "కాళ్ళ నొప్పులు అందరికీ ఉన్నాయి. నీ ఒక్కదాని కోసం పదమూడు మంది చలిలో నిలబడాలా?" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఆ పిల్ల ఏం మాట్లాడలేదు. తల వంచుకుని తొక్కింది.

లంబసింగిలో మంట వేసుకుని టీ తాగుతుంటే తను తాగలేదు. రెండు పిక్కలూ పట్టుకుని ముడుచుకుని కూర్చుంది. కళ్ళు చూస్తే తెల్లగుడ్డు పచ్చగా ఉంది. పక్క ఊరి పిల్ల నా దగ్గరికొచ్చి మెల్లగా, "మేడం, దానికి రక్తం కార్డుంది. మీకు చెప్తే యాత్రకి తీసుకురారని పెట్టెలో దాచింది" అంది.

ఇక్కడ రెండు నిమిషాలు టీచరుగా మాట్లాడనివ్వండి. సికిల్ సెల్ అంటే ఏమిటో మనలో చాలామందికి పేరే తెలుసు. మామూలు ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది, సన్నని నాళంలోనైనా వంగి దూరిపోతుంది. ఈ జబ్బులో అది కొడవలిలా వంకర తిరిగి గట్టిపడుతుంది. సన్న నాళాల్లో ఇరుక్కుంటుంది. రక్తం అందనిచోట భరించలేని నొప్పి. చలి తగిలినా, ఒంట్లో నీళ్ళు తగ్గినా, అలసట ఎక్కువైనా, జ్వరం వచ్చినా ఆ నొప్పి లేస్తుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు వైపులా ఆ లక్షణం వస్తేనే జబ్బు. ఒక వైపు నుంచే వస్తే మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు, పిల్లలకు మాత్రం అందించగలరు. అలాంటి ఇద్దరికి పెళ్ళయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం, బిడ్డకు జబ్బు రావడానికి. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నది ఇందుకే.

ఇప్పుడు లెక్క చూడండి. చలి, అలసట, రెండూ నేనే పెట్టాను. మూడోది నీళ్ళు. జీపు నిండా నీళ్ళున్నాయి కదా అనుకున్నాను. కానీ పొద్దుట్నుంచి మా పిల్లల్లో సగంమంది నీళ్ళు ముట్టలేదు. ఎందుకంటే దారిలో ఆడపిల్లలు ఎక్కడికి వెళ్తారు? కార్లు, సెల్ఫీలు, రోడ్డు వెంట మగవాళ్ళు. తాగకపోతే వెళ్ళక్కర్లేదు అనుకున్నారు. నేనూ ఆడదాన్నే. నేను కూడా ఆ రోజు తాగలేదు. అయినా నాకు తట్టలేదు.

జీపులో తనను వెనక్కి చింతపల్లి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. సెలైన్ పెట్టారు, నొప్పికి మందిచ్చారు, దుప్పట్లు కప్పారు. ప్రాణానికి ప్రమాదం లేదని డాక్టరు చెప్పేదాకా నేను వరండాలో నిలబడే ఉన్నాను. సాయంత్రానికి వాళ్ళ నాన్న వచ్చాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. మంచం పక్కన నేల మీద కూర్చుని, "పెద్దోడు కూడా ఇలాగే కాళ్ళు పట్టుకుని ఏడ్చేవోడమ్మా. చిల్లంగి అనుకున్నాం. దిశారి దగ్గరికి తిప్పాం. కోళ్ళు కోశాం" అన్నాడు. ఆ పెద్దోడు ఇప్పుడు లేడు. ఇది విని ఎవరూ ఆయన్ని తక్కువ చేయొద్దు. కార్డు అనేదే లేని రోజుల్లో ఆయన తనకు తెలిసిన వైద్యం చేయించాడు. నేను బి.ఎడ్. చదివి, కార్డులున్న రోజుల్లో, ఆ పిల్లను కోప్పడ్డాను.

యాత్ర ఆపేద్దామనుకున్నాను. ఆ మాట చెప్పగానే పిల్ల మంచం మీద లేచి కూర్చుంది. "నా వల్ల ఆగిపోయిందంటారు మేడం. ఇంక నన్ను ఎక్కడికీ పంపరు. దిగండి" అంది. లంబసింగిలో మిగతా పదమూడు మందీ ఒక బడి వరండాలో చాపల మీద పడుకుని ఎదురుచూస్తున్నారు. వాళ్ళేమో తను లేకుండా వెళ్ళమన్నారు. చివరికి ఒక రోజు ఆగి, కృష్ణదేవిపేట దాకా వెళ్ళి తిరిగి రావడమని తేల్చుకున్నాం.

ఘాట్ దిగడం ఎక్కడంకంటే కష్టం. ఒకరి వెనక ఒకరు, మధ్య పది సైకిళ్ళ దూరం, రెండు బ్రేకులూ కలిపి కొంచెం కొంచెంగా పట్టాలి. మూడుసార్లు ఆపి, వేడెక్కిన చక్రాలు చల్లారేదాకా కూర్చున్నాం. ఒకచోట కూర్చున్నప్పుడు పిల్లలకు ఈ రోడ్డు కథ చెప్పాను. నర్సీపట్నం నుంచి చింతపల్లి రోడ్డు వేసినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనవాళ్ళతో బలవంతంగా రాళ్ళు మోయించి, సరైన కూలి ఇవ్వలేదు. అది అడిగినందుకు గంటం దొర మునసబు పని పోగొట్టుకున్నాడు. తిరుగుబాటు ఒక్క మనిషి తెచ్చింది కాదు, ఈ రోడ్డు మీద మొదలైన కడుపుమంట కూడా అందులో ఉంది. మా పిల్లల్లో ఒకామె లేచి వెళ్ళి రోడ్డు అంచున పాత రాతికట్టును చేత్తో తడిమి చూసింది. అది ఏ కాలంనాటి కట్టో నాకు తెలియదని చెప్పాను. అయినా తడిమింది.

కృష్ణదేవిపేటలో సీతారామరాజు సమాధి దగ్గర పూలు పెట్టాం. 1924 మే 7 అనే తేదీ పిల్లలే చదివారు. ఆ మధ్యాహ్నమే సైకిళ్ళు లారీకెక్కించి వెనక్కి తిరిగాం. రాజవొమ్మంగి వెళ్ళలేదు. ఆ స్టేషన్‌లోంచే 1922లో వీరయ్య దొరను విడిపించారు. మేం దాని గేటు కూడా చూడలేదు. మీరు వాట్సాప్‌లో "మూడు స్టేషన్ల యాత్ర విజయవంతం" అని పంపుకున్నది తప్పు.

ఇప్పుడు మా హాస్టల్లో ప్రతి పిల్ల కార్డు నకలు నా బీరువాలో ఉంది. కార్డు ఉన్నవాళ్ళని ఆటల్లోంచి తప్పించడానికి కాదని ముందే ఒట్టేసి చెప్పాను, లేకపోతే మళ్ళీ దాస్తారు. ఆ పిల్ల మందులు వేసుకుంటోంది. ఫోలిక్ యాసిడ్ రోజూ, డాక్టరు రాసిన హైడ్రాక్సీయూరియా వేళకు. నీళ్ళ సీసా లేకుండా ప్రార్థనకు కూడా రాదు.

సంఘం వారిని సన్మానం అడగను. ఒక పని అడుగుతాను. ఫిబ్రవరిలో చలి తగ్గాక కృష్ణదేవిపేట నుంచి రాజవొమ్మంగి వెళ్ళాలనుకుంటున్నాం. ఆ పిల్ల తొక్కుతుందా, జీపులో వస్తుందా అన్నది డాక్టరు చెప్తారు, నేను చెప్పను. కానీ దారి కాగితం తనే రాసింది. మంచినీళ్ళు ఎక్కడ, నీడ ఎక్కడ, ఆడపిల్లలు దిగి వెళ్ళడానికి తలుపున్న మరుగుదొడ్డి ఎవరింట్లో ఉంది అని గీతలు గీసింది. కొన్ని గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఆ కాగితం ఇదిగో, నా చేతిలో ఉంది. కొయ్యూరు, రాజవొమ్మంగి వైపు నుంచి వచ్చినవాళ్ళు భోజనాలకు లేచే ముందు ఒకసారి ఇటు రండి. మీ ఊరి పక్కన గడి ఖాళీగా ఉంటే నింపి వెళ్ళండి.