గిన్నె ఒకటి – చేతులు పది

(అమీర్‌పేటలో మహిళల చదువు కేంద్రంలో చేసిన ప్రసంగం)

 

ఈ రోజు మనం ఒక తీపి చేసుకుందాం. కాని ఆ తీపి చేయాలంటే చదవాలి. కొలవాలి. లెక్క కట్టాలి. కాబట్టి ఇది కూడా పాఠమే!

మీలో చాలామంది ఇక్కడి హాస్టళ్ళలో వంట చేస్తారు. కంప్యూటర్ కోర్సుల కోసం ఊళ్ళ నుంచి అమీర్‌పేటకు వచ్చే పిల్లలకు అన్నం వండి పెట్టేది మీరే. కొందరు పంజాగుట్టలో ఇళ్ళలో, దుకాణాల్లో, ఆసుపత్రుల్లో పని చేస్తారు. పోతూ వస్తూ బేకరీ అద్దాల వెనక చాక్లెట్ కేకులు చూస్తుంటారు. "అమ్మా, అది కొనియ్యవే" అని పిల్లలు కొంగు లాగుతారు. ధర వింటే గుండె ఝల్లుమంటుంది. ఇంట్లో చేద్దామంటే, "మన దగ్గర ఓవెన్ యాడుంది?" అంటారు.

ఓవెన్ అక్కర్లేదు. పొయ్యి కూడా వెలిగించక్కర్లేదు. ఒక గిన్నె, ఒక చెంచా, ఒక బట్ట చాలు.

ఈ తీపిని ఇంగ్లీషులో 'డిప్' అంటారు. అంటే ముంచుకుని తినేది. ఇది మనకు కొత్తా? ఇడ్లీని చట్నీలో అద్దుకుంటాం. ఇరానీ చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటాం. అట్లాగే ఇది చాక్లెట్ చట్నీ అనుకోండి!

చాక్లెట్ ఎక్కడి నుంచి వస్తుంది? ఫ్యాక్టరీ నుంచి అంటారు. కాని మొదట వచ్చేది చెట్టు నుంచి. దాని పేరు కోకో. ఈ చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఇప్పుడు మన గోదావరి జిల్లాల్లో కూడా బాగా పెరుగుతోంది. కొబ్బరి చెట్ల నీడలో రైతులు దీన్ని పెంచుతారు. కాయలు కొమ్మలకే కాదు, చెట్టు మొదలుకు కూడా కాస్తాయి. కాయ పగలగొడితే తెల్లటి గుజ్జులో గింజలుంటాయి. ఆ గింజలను కొన్ని రోజులు పులియబెడతారు. ఎండబెడతారు. వేయిస్తారు. నూరి, అందులోని వెన్నను చాలావరకు పిండేస్తారు. మిగిలిన చెక్కను పొడి చేస్తారు. అదే కోకో పొడి. నాలుక మీద వేసుకుంటే చేదుగా ఉంటుంది. తీపి మనం కలుపుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. దుకాణంలో రెండు రకాల పాకెట్లు ఉంటాయి. రెండింటి మీదా చాక్లెట్ బొమ్మే. ఒకటి ఉత్త కోకో పొడి. రెండోది పాలలో కలుపుకునే చాక్లెట్ పొడి. రెండో దాంట్లో చక్కెర ముందే కలిపి ఉంటుంది. చాలా పాకెట్లలో కోకో కన్నా చక్కెరే ఎక్కువ. ఏది ఏదో తెలియకపోతే, కోకో అనుకుని చక్కెర కొంటాం. మన కష్టార్జితం పోతుంది.

మరి ఎట్లా తెలుసుకోవాలి? పాకెట్ వెనక్కి తిప్పండి. అందులో ఏమేం కలిపారో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువ బరువు కలిపింది మొదట రాయాలి. తక్కువ కలిపింది చివర రాయాలి. ఇది చట్టం. చక్కెర పేరు మొదట ఉంటే, ఆ పాకెట్‌లో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది చక్కెరే.

"మేం నేర్చింది తెలుగు. పాకెట్ మీద ఇంగ్లీషుంటది. ఎట్ల చదవాలె?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. తినే సరుకుల పాకెట్ల మీద వివరాలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఉండాలని చట్టం. తెలుగు కూడా వేయవచ్చు. కాని తప్పనిసరి కాదు. తెలుగులో కూడా వేయమని అడగడం మన హక్కు. నలుగురం కలిసి అడగాలి.

అప్పటిదాకా ఒక ఉపాయం. మీ పిల్లలతో 'కోకో', 'షుగర్' అనే రెండు మాటలు ఇంగ్లీషులో రాయించుకోండి. పెద్ద అక్షరాల్లో ఒకసారి, చిన్న అక్షరాల్లో ఒకసారి రాయించండి. నోటుబుక్కులో దిద్దండి. ఆ కాగితం సంచిలో పెట్టుకోండి. దుకాణంలో పాకెట్ పక్కన పెట్టి పోల్చి చూడండి. ఏ మాట ముందుంది? ఏ మాట వెనకుంది? అంతే! ఇక అంకెలు మీకు వచ్చు కదా. బరువు చూడండి. ఎన్నాళ్ళలోపు వాడాలో ఆ తేదీ చూడండి. ఎం.ఆర్.పి. చూడండి. దానికన్నా పైసా ఎక్కువ ఇవ్వక్కర్లేదు. పన్నులన్నీ అందులోనే కలిసి ఉంటాయి.

ఇక తీపి చేద్దాం. పదిమందికి ఇవి కావాలి:

గట్టి పెరుగు – అర కిలో
కోకో పొడి – 3 పెద్ద చెంచాలు
చక్కెర పొడి – 6 పెద్ద చెంచాలు
పుట్నాల పొడి – 2 పెద్ద చెంచాలు
కాచి చల్లార్చిన పాలు – 2 పెద్ద చెంచాలు
ఉప్పు – ఒక చిటికెడు

పెరుగు తియ్యగా ఉండాలి. పులిసింది పనికిరాదు. శుభ్రమైన పలుచని నూలు బట్టలో పెరుగు పోసి మూట కట్టండి. కింద గిన్నె పెట్టి వేలాడదీయండి. నీరంతా కారిపోతుంది. ఫ్రిజ్ ఉంటే అందులోనే, గిన్నె మీద జల్లెడ పెట్టి, మూటను దాని మీద ఉంచండి. లేనివాళ్ళు పొద్దున్నే చల్లటి వేళ కట్టండి. రెండు మూడు గంటలు చాలు. పెరుగు వెన్నలా గట్టిపడుతుంది. దాదాపు సగం బరువు మిగులుతుంది. కారిన నీటిని పారబోయకండి. చపాతీ పిండి కలుపుకోవచ్చు.

పుట్నాలను మెత్తగా పొడి చేసి జల్లించండి. కోకోలో, చక్కెరలో ఉండలుంటే వాటిని కూడా జల్లించండి. ఈ మూడు పొడులను, ఉప్పును పొడి గిన్నెలో కలపండి. గట్టి పెరుగును చెంచాతో బాగా గిలక్కొట్టండి. పొడిని కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. ఒకేసారి వేస్తే ఉండలు కడుతుంది. చివర పాలు పోసి జారుగా చేయండి. రుచి చూడండి. చేదనిపిస్తే ఇంకో చెంచా చక్కెర వేసుకోండి.

కొందరు చిక్కదనం కోసం ఇందులో పచ్చి మైదా కలుపుతారు. అది వద్దు. పచ్చి పిండిలో రోగం తెచ్చే క్రిములు ఉండవచ్చు. పుట్నాలు ముందే వేయించినవి. పైగా పిల్లలకు బలం.

దీంట్లో ఏం ముంచుకోవాలి? అరటిపండు ముక్కలు, జామ ముక్కలు, మామూలు బిస్కెట్లు. ఉస్మానియా బిస్కెట్ అయితే ఇంకా బాగుంటుంది. దానిలోని ఉప్పదనం చాక్లెట్‌కు జోడీ కుదురుతుంది.

పదిమంది ఒకే గిన్నెలో తినేటప్పుడు జాగ్రత్త ఉండాలి. ముందు చేతులు కడుక్కోండి. కొరికిన బిస్కెట్‌ను మళ్ళీ గిన్నెలో ముంచకండి. దగ్గు, జలుబు ఉన్నవాళ్ళకు, పసిపిల్లలకు విడిగా చిన్న గిన్నెలో పెట్టండి. షుగరు జబ్బు ఉన్నవాళ్ళు ఇది తీపి అని మరవకూడదు. మన ఎండలకు పెరుగు తొందరగా పాడవుతుంది. బయట రెండు గంటలకు మించి ఉంచకండి. ఎండాకాలం గంటలోపే తినేయండి. ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి వాడవచ్చు.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. హాస్టల్లో వందమందికి వడ్డిస్తారు. ఇంట్లో మొగుడికి, పిల్లలకు, అత్తమామలకు వడ్డిస్తారు. చివర గిన్నె గీకి మీరు తింటారు. ఒక్కోసారి గీకడానికి కూడా ఏమీ మిగలదు. ఈ తీపికి ఆ పద్ధతి కుదరదు! గిన్నె నడుమ పెట్టాలి. చుట్టూ అందరూ కూర్చోవాలి. చేసిన మనిషి కూడా కూర్చోవాలి. తలా రెండు చెంచాలు అని కొలిచి చేశాం కదా. ఆ కొలతలో మీ రెండు చెంచాలూ ఉన్నాయి. అవి ఎవరికీ వదలకండి.

ఇప్పుడు నోటుబుక్కులు తీయండి. పెరుగు, కోకో, చక్కెర, పుట్నాలు, పాలు – ఒకదాని కింద ఒకటి రాయండి. ఎదురుగా మీ వీధి దుకాణంలో ధర వేయండి. వాడినంత వరకే లెక్క కట్టండి. మొత్తాన్ని పదితో భాగించండి. ఒక్కరికి ఎంత పడిందో చూడండి. పక్కనే బేకరీ కేకు ముక్క ధర రాయండి.

ఏది ఎక్కువో, ఏది తక్కువో వచ్చే వారం మీరే వచ్చి చెప్పండి. పదిమందిని లెక్క వేసేటప్పుడు మిమ్మల్ని కలుపుకోవడం మాత్రం మరచిపోకండి.

సెలవు.