మండువా మూసేస్తే వెలుతురు ఎక్కణ్ణించి వస్తుంది?

ఈసారి మన అవనిగడ్డ వైపు మిగిలిన పాత మండువా ఇళ్ల సంగతి. "తాతల నాటి ఇల్లు, చీకటిగా ఉంది, పడగొట్టేద్దాం" అనే మాట మీ ఇంట్లోనూ వినే ఉంటారు.

కట్టినప్పుడు ఆ ఇల్లు చీకటిగా లేదండీ. నాలుగు వైపులా వసారా, మధ్యలో ఆకాశం. వాన నీళ్లు చూరుల మీంచి మండువాలో పడి తూములోంచి బయటికి పోయేవి. గాలీ వెలుతురూ అక్కణ్ణించే. తర్వాత జల్లు కొడుతోందనో, కోతులొస్తున్నాయనో పైన రేకులేశారు. అన్నదమ్ముల వాటాలకి మధ్యలో గోడ లేచింది. చీకటి అప్పుడొచ్చింది. పాత కోడ్‌లో ఒక లైను తీసేముందు అదెందుకుందో చదువుతాం కదా, ఇక్కడా అంతే. తర్వాత కలిపినవి తీసేస్తే సగం పని అయిపోయినట్టే.

మరి జల్లు? పైన గ్లాస్ వేయొచ్చు. కానీ చూరుకి అతికించి మూసేస్తే ఎండ లోపలికొస్తుంది, వేడి బయటికి పోదు. మే నెలలో ఉడికిపోతాం. చూరు కంటే ఎత్తులో స్టీల్ ఫ్రేమ్ మీద పెట్టి, నాలుగు పక్కలా జాలీ వదలండి. లామినేటెడ్ గ్లాసే తీసుకోండి, పగిలినా ముక్కలు నెత్తిన పడవు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. తుఫాను గాలి కప్పుని పైకి లాగుతుంది. ఆ ఫ్రేమ్‌ని పాత స్తంభాలు మోస్తాయో లేదో స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడాల్సిందే. ఇక్కడ మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దు.

గోడలకొస్తే, సున్నంతో కట్టిన గోడకి సిమెంట్ ప్లాస్టర్ వద్దు. మనది ఉప్పు నేల. కింద నుంచి తడి పాకుతుంది. సున్నం దాన్ని బయటికి వదిలేస్తుంది, సిమెంట్ లోపలే బిగబడుతుంది. కొన్నాళ్లకి పెచ్చులూడతాయి. మేస్త్రీ "సిమెంటే గట్టిదండీ" అంటాడు, వినకండి. సున్నమే పూయించి తెల్లగా వెల్ల వేయిస్తే వెలుతురు లోపలి గదుల దాకా పాకుతుంది.

కొలంబోలో జాఫ్రీ బావా అని ఆర్కిటెక్ట్ ఉండేవారు. లా చదివి ఇటొచ్చారు, నాలాంటి కేసే. వరసగా ఉన్న నాలుగు చిన్న ఇళ్లు ఒక్కొక్కటే తీసుకుని, ఒకే ఇల్లుగా కలిపి, మధ్యమధ్య కప్పు లేని ఖాళీలు వదిలారు. ఆ 'నంబర్ 11' చూడ్డానికి జనం టికెట్ కొనుక్కుని వెళ్తున్నారు. మనమేమో ఉన్నదాని మీద రేకులేస్తున్నాం!

వాటాల కాగితం రాసుకునేవాళ్లు ఎవరైనా చూస్తుంటే ఒక్క మాట. గీత మండువా మధ్యలోంచి గీయొద్దు, ఆ చోటు ఉమ్మడి అని రాయించండి. ఉంటా మరి.