ముందు గేజి, తర్వాత జేబు

(సంఘ సభ్యుల కార్తీక వనభోజనాల సందర్భంగా గండిపేటలో ఒక విశ్రాంత మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ముప్పయి మూడేళ్లు బస్సుల కింద పడుకుని పనిచేసినవాణ్ణి. "మీ మనవడి కారు సంగతి చెప్పండి, పిల్లలున్న ఇళ్లవారికి పనికొస్తుంది" అని కార్యదర్శిగారు పట్టుబట్టారు. అందుకే నిలబడ్డాను.

మా అమ్మాయి వాళ్లు మొయినాబాదులో ఉంటారు. మనవడికి కార్ల పిచ్చి. ఒక పాత పెట్రోలు కారు కొని, దానికి టర్బో పెట్టించాడు. మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద నడపాలని వాడి కోరిక. అనుమతి లేకుండా బండి ఇంజను మార్చి రోడ్డెక్కడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తప్పు. ఆ మాట ముందే చెప్పాను. కారును ట్రక్కు మీద ఎక్కించి తీసుకువెళ్లడానికి ఒప్పుకున్నాకే నేను చెయ్యి వేశాను.

కారు జబ్బు ఏమిటంటే, మెల్లగా పోతే బంగారంలా పోతుంది. నాలుగున్నర వేల ఆర్.పి.ఎం. దాటగానే జర్కులిచ్చి చతికిలబడుతుంది. అప్పటికే ఒక పిస్టను కరిగిపోయింది. పెట్రోలు చాలక గాలి ఎక్కువైతే ఇంజనులో వేడి పెరిగి, మంట అదుపు తప్పి అలాగే అవుతుంది. "పంపు వీక్" అన్నాడొక మెకానిక్. మార్చారు. ఇంకొకాయన ఇంకా పెద్దది వేయించాడు. మూడో పంపు కూడా వేశారు. జబ్బు పోలేదు. చివరికి కొత్త ఇంజను వేద్దామన్నారు. మా అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "నాన్నా, నీ గ్రాట్యుటీ డబ్బులో కొంత సర్దుతావా?" అని అడిగింది. డబ్బు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ ఇంజను కూడా కరిగితే? "ఇన్ని పంపులు మార్చారు గదా, ఒక్కసారైనా ప్రెషర్ గేజి పెట్టి చూశారా?" అన్నాను. మనవడు తల వంచుకున్నాడు.

మనం ఇప్పుడు గండిపేట కట్ట దగ్గరే ఉన్నాం కాబట్టి దీంతోనే చెబుతాను. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్యగారి సలహా మీద, ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, ఈ ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. ఇక్కడి నీరు పంపు లేకుండానే, వాలు మీద, ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్ దాకా పోయేలా కట్టారు. నగరానికి నీళ్లొచ్చాయి. కానీ మన గల్లీలో ఏం జరిగేది? పొద్దున్నే ఒక్క నల్లా తిప్పితే ధార బాగుండేది. అందరూ ఒకేసారి తిప్పితే సన్నబడేది. చెరువు నిండుగానే ఉంది, దారి ఇరుకు. కారులోనూ అంతే. నిలబడి ఉన్నప్పటి ప్రెషరు వేరు, పరుగులో ఉండే ప్రెషరు వేరు.

ఇక మేం చేసిన పని వరుసగా చెబుతాను. ఆరుబయట పెట్టి, పక్కన మంటలార్పే సిలిండరు ఉంచుకుని, లైన్లో ప్రెషరు తీసేశాకే గేజి తగిలించాము. తాళం తిప్పి పంపు ఆడగానే 3 బార్లు. ఇంజను ఊరికే ఆడుతుంటే రెండున్నర. రెగ్యులేటరుకు వచ్చే గాలి గొట్టం పీకితే మళ్లీ 3. ఇవన్నీ సరైన లెక్కలే. ఆపేశాక కూడా ప్రెషరు వెంటనే పడిపోలేదు. అంటే పెద్ద లీకు లేదు. ఇక్కడ ఆగిపోతే "అంతా బాగానే ఉంది" అనాల్సిందే!

తర్వాత బండిని డైనో ఉన్న షాపుకు తీసుకువెళ్లాము. పెట్రోలు గొట్టం లోపలికి రాకూడదు కనుక గేజిని అద్దం బయటే కట్టాము. టర్బో 0.7 బార్ గాలి నెడుతున్నప్పుడు పెట్రోలు ప్రెషరు కూడా అంతే పెరిగి 3.7 ఉండాలి. మా గేజి ముల్లు పైకి లేచి, నాలుగున్నర వేల దగ్గర 2.8కి జారిపోయింది. జబ్బు మొదటిసారి కంటికి కనిపించింది.

ఫిల్టరు కొత్తదే. రెగ్యులేటరు అనుమానం తీరడానికి, తిరుగు దారి రబ్బరు గొట్టాన్ని ఒక్క క్షణం నొక్కి చూశాము. అయినా ప్రెషరు నిలబడలేదు. అంటే పెట్రోలు ముందుకే చాలినంత రావడం లేదు. మరి కొత్త పంపుకు ఏం రోగం? బ్యాటరీ దగ్గర వోల్టుమీటరు పెడితే 13.8. పంపు దగ్గర పెడితే 10.6! కొత్త పంపు కరెంటు ఎక్కువ తాగుతుంది. దానికి వెళ్లే వైరు మాత్రం కంపెనీ ఇచ్చిన సన్నదే. పైగా వెనుక సీటు కింద ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంది. మూడు పంపులూ అదే తీగ మీద ఆకలితో పనిచేశాయి.

లావు వైరు లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, రిలే వేసి, ఎర్త్ గీకి శుభ్రం చేశాము. పంపు దగ్గర 13.4 వచ్చింది. ముల్లు 3.7 మీద నిలబడింది. మొత్తం ఖర్చు ఒక పంపు ధరలో పదో వంతు కూడా కాలేదు.

ఇది నా గొప్ప అని చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక బస్సు ఫీడ్ పంపును మార్చేశాను. మర్నాడు అదే బస్సు అదే చోట ఆగిపోయింది. చీలిన గొట్టంలోంచి గాలి లాగుతోంది. ఆ రోజు రాత్రి పిల్లాపాపలతో ప్రయాణికులు రోడ్డు మీద నిలబడ్డారు. ఆ సిగ్గే నాకు గురువు.

మనకు బీపీ చూడకుండా మాత్ర రాస్తే ఒప్పుకుంటామా? గుండె సంగతి కూర్చోబెట్టి తేలకపోతే ట్రెడ్‌మిల్ ఎక్కించి చూస్తారు. బండికీ అదే న్యాయం. మీ పిల్లలు "పార్టు మార్చాలట, డబ్బు కావాలి" అంటే కోప్పడకండి, వెంటనే చెక్కు రాయకండి. "కొలిచి చూశారా? బరువు మీద ఉన్నప్పుడు కొలిచారా?" అని రెండు ప్రశ్నలు అడగండి. ఆ రెండూ అడగడానికి మెకానిక్ కానక్కరలేదు.

మొన్న మనవడు ఫోన్ చేసి, "తాతా, ఫ్రెండు కారు ఆగిపోతోంది, నీ గేజి ఒకసారి ఇస్తావా?" అన్నాడు. గ్రాట్యుటీ డబ్బు అడిగిన ఇంట్లోంచి గేజి అడిగే మాట వచ్చింది. నాకు ఇంతకన్నా ఏం కావాలి?

పులిహోర వాసన ఇక్కడిదాకా వస్తోంది. మిమ్మల్ని ఇంకా ఆపను. సెలవు.