లెక్క చదివి వినిపించిన ఊళ్లు



అవినీతిపై పోరాటంలో సామాన్యుల పాత్ర గురించి మాట్లాడమన్నారు. ఈ మాట అనగానే మనకు గుర్తొచ్చేది అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీకి) ఫిర్యాదు చేసిన రైతు. మర్నాడు పేపర్లో ఫోటో పడుతుంది: బల్లమీద నోట్లు, పక్కన గులాబీరంగు నీళ్ల సీసాలు, తల దించుకున్న అధికారి. ఆ ఫోటోలో రైతు ఉండడు. అతని సంగతి కాస్త చూద్దాం.

పాసుపుస్తకం కోసం తిరిగి తిరిగి విసిగిపోయి అతను ఏసీబీ నంబరు 1064కు ఫోన్ చేస్తాడు. అడిగిన లంచం సొమ్ము మామూలుగా అతనే సర్దుకుని తేవాలి. ఏసీబీవాళ్లు నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూసిస్తారు. పుచ్చుకున్నవాడి వేళ్లు సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే అది గులాబీరంగుకు తిరుగుతుంది. మనకు వార్త అక్కడితో అయిపోయింది. రైతుకు అసలు కథ అక్కడ మొదలు. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. సాక్ష్యం చెప్పేదాకా అతను అదే ఊళ్లో ఉండాలి, ఏ పనిపడ్డా అదే ఆఫీసుకు వెళ్లాలి. ఈలోగా మాట మార్చేవాళ్లుంటారు, చనిపోయేవాళ్లూ ఉంటారు. అలాంటప్పుడు కూడా ఇతర సాక్ష్యాలతో లంచం అడిగినట్టు రుజువు చేయవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబరులో తేల్చి చెప్పాల్సి వచ్చింది. అంతకుముందు 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించి లంచం ఇవ్వడాన్నీ విడిగా ఒక నేరం చేశారు. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తేనే బయటపడతాడు. ఆ నిబంధన రాసినవాళ్లు ఒక్కపూటైనా తాసీల్దారు ఆఫీసు వరండాలో నిలబడి ఉండరని నా అనుమానం.

ఒంటరి మనిషి తెగువకు దండం పెట్టవలసిందే. కానీ అంతా ఆ తెగువ మీదే నడవాలనుకోవడం అన్యాయం. లంచగొండికి కావలసిందీ ఎదుటివాడు ఒంటరిగా దొరకడమే. యాభైమందిని పక్కగదిలోకి పిలిచి బేరమాడటం ఎవరికీ సాధ్యం కాదు.

ఈ కిటుకు రాజస్థాన్ కూలీలు పట్టుకున్నారు. 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఒక బహిరంగ విచారణ పెట్టింది. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ వంటివారు ఉన్న సంఘమది. అక్కడ వాళ్లు చేసింది ఉపన్యాసాలివ్వడం కాదు, సర్కారు రికార్డు పైకి చదవడం. కూలీల హాజరు రాసే మస్టరులో ఫలానా పేరుంది, ఇన్ని రోజుల కూలి ఇచ్చినట్టుంది, నిజమేనా? జనం జవాబు చెప్పారు. 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా, 2005లో దేశమంతటికీ సమాచార హక్కు చట్టం ఆ దారిలో వచ్చినవే.

ఇక మన సంగతి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. పనులను గ్రామసభే తనిఖీ చేయాలని ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ చెప్పింది. చాలా రాష్ట్రాలు దాన్ని కాగితం మీదే ఉంచేశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాత్రం అదే ఏడాది అనంతపురం జిల్లాలో పెద్దయెత్తున సామాజిక తనిఖీ చేయించి, 2009లో అందుకోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టింది. దాన్ని నడిపిన సౌమ్య కిడాంబి రాజస్థాన్ సంఘటన్‌లో పనిచేసి వచ్చినావిడే.

కూలి కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు మస్టర్లు, పనుల కొలతలు రాసే ఎంబుక్కులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. 'అమ్మా, ఈ చెరువు పనికి నువ్వు పన్నెండు రోజులు పోయినట్టుంది. పోయావా? ఈ వేలిముద్ర నీదేనా?' టేపు పట్టి గుంతలు కొలిచారు. చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక. అందరి ముందూ అక్రమాలు చదివితే అక్కడికక్కడే డబ్బు కక్కినవాళ్లున్నారు.

మామూలు ఆడిటరు ఒక కాగితాన్ని ఇంకో కాగితంతో సరిచూస్తాడు. దొంగలెక్క రాసేవాడు ఆ రెండూ సరిపోయేలాగే రాస్తాడు. చనిపోయిన మామ పేరుమీద కూలి లేచిందన్న సంగతి మాత్రం కోడలికే తెలుస్తుంది.

అయితే ఆ కోడలు నోరు విప్పడం ఎంత కష్టమో కూడా చెప్పుకోవాలి. ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు పరాయివాడా? వరసకు బావో మరిదో. రేపు మస్టరులో పేరెక్కించాల్సింది అతనే. ఇంటి అరుగుమీద గలగలా చెప్పిన మనిషి ప్రజావేదికలో మైకు ముందు 'నాకు యాదికి లేదయ్యా' అనడం విన్నాను. నాకు ఆమెమీద కోపం రాలేదు.

ఆర్థికవేత్తలు ఫర్జానా ఆఫ్రిది, వెగార్డ్ ఇవర్సన్ ఉమ్మడి రాష్ట్రంలోని ఈ తనిఖీ నివేదికల మీద పరిశోధన చేశారు. తనిఖీలు పదేపదే జరిగినా అక్రమాలు మొత్తంగా తగ్గినట్టు కనిపించలేదనీ, కూలి డబ్బుల్లో మోసం కంటే పట్టుకోవడం కష్టమైన సామగ్రి బిల్లుల్లో మోసం పెరిగిందనీ వాళ్లు తేల్చారు. తిన్నట్టు తేలిన సొమ్ములో వసూలైంది చిన్న భాగమే. కొందరు దీన్ని చూపించి సామాజిక తనిఖీ విఫలమైందంటారు. నేనొప్పుకోను. కూలీలు తమ వంతు చేశారు, ఊళ్లో ముఖం చూసుకుని బతకాల్సినవాళ్ల పేర్లు నలుగురిలో చెప్పారు. అక్కణ్నుంచి ఫైలు ఆఫీసుకు వెళ్లింది. ఆగిపోయింది అక్కడ.

కాబట్టి ప్రజావేదిక షామియానా విప్పాక కూడా చేయాల్సిన పని ఉంది, దానికి పెద్ద ఖర్చూ లేదు. సమాచార హక్కు దరఖాస్తుకు మన తెలుగు రాష్ట్రాల నిబంధనల్లో గ్రామస్థాయిలో రుసుమే లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. కారణం లేకుండా ఆలస్యం చేస్తే అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేలదాకా జరిమానా పడవచ్చు. ఒక్కరే పెట్టకండి. ఒకే ప్రశ్నను పదిమంది పది దరఖాస్తులుగా పెట్టండి, ఎవరిని పిలిచి బెదిరించాలో వాళ్లకు తెలియకూడదు. ప్రశ్న కూడా చిన్నదే: గత తనిఖీలో మా ఊళ్లో తిన్నట్టు తేలిన సొమ్మెంత, అందులో ఇప్పటిదాకా వెనక్కి వచ్చిందెంత, రానిది ఎవరి దగ్గరుంది?