ముక్తారునామా – క్రొత్త వర్తకము, పాత పత్రము

గ్రామములయందలి పెద్దలకు ముక్తారునామా యనగా నేమో తెలియనిది కాదు. దూరదేశమునందుండువాడు తన పొలమును చూచుకొనుటకును, కోర్టు వ్యవహారములు నడపుటకును, తమ్మునికో మేనమామకో వ్రాసి యిచ్చు అధికారపత్రమే యది. దీనినే పవర్ ఆఫ్ అటార్నీ యనియు, పొట్టిగా జి.పి.ఏ. యనియు నందురు. ఇచ్చువాడు యజమాని, పుచ్చుకొనువాడు ముక్తారు. పత్రములోని యధికారమునకు లోబడి ముక్తారు చేసిన సంతకము యజమాని చేసిన సంతకముతో సమానము. ఇంత బలము గల పత్రమును ఒక క్రొత్త వర్తకమునందు వాడవలసి వచ్చినపుడు వలయు జాగ్రత్తలను నేడు మనవి చేసెదను.

ఆ వర్తకమేదన, సెల్‌ఫోనుతో వీడియోలు తీసి, యూట్యూబు వంటి వేదికల మూలమున లోకమునకు చూపి, ధనమార్జించుట. ఇది పట్టణములకే పరిమితము కాదు. జగిత్యాల జిల్లాలోని లంబాడిపల్లి యను చిన్న గ్రామమునుండి 'మై విలేజ్ షో' వెలువడినది. దాని మూలముననే ఆ యూరి గంగవ్వ వృద్ధాప్యమునందు తెలుగువారి కందఱికి పరిచితురాలైనది. వంట, సేద్యము, హాస్యము, పాట – ఏది చక్కగా చూపగలిగినను చూచువారున్నారు. వీడియోతోపాటు వచ్చు ప్రకటనల వలని సొమ్ములో, యూట్యూబు పెద్ద వీడియోలకు నూటికి 55 వంతులు తీసినవారికి ముట్టజెప్పును. తమ సరకును పొగడుటకై వ్యాపారులు నేరుగా నిచ్చు సొమ్ము వేరు.

ఒక యువతి వంటల వీడియోలు తీయుచున్నదనుకొందము. ఆమెకు నెలలు నిండినవి. పురుడు, బాలింతతనము గడచువఱకు వ్యాపారుల జాబులకు బదులు వ్రాయుట, ఒడంబడికలు చేయుట, లెక్కలు చూచుట ఆమెకు సాధ్యము కాదు. అంతట దగ్గఱి బంధువొకడో, నగరమునందలి యేజెంటొకడో వచ్చి, “సర్వాధికారములతో నొక ముక్తారునామా వ్రాసి యిమ్మా, అంతయు నేను చూచుకొందును” అనును. ఇంటివారు మీవంటి పెద్దలయొద్దకు వచ్చి సలహా యడుగుదురు. ఏమి చెప్పవలెను?

మొదట వయస్సు విచారింపవలెను. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ప్రకారము మైనారిటీ తీరినవారును, స్వస్థచిత్తులును మాత్రమే తమకొక ముక్తారును నియమించుకొనగలరు. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డచేత వ్రాయించుకొన్న పత్రము ఎందుకును కొఱగాదు.

పిమ్మట, అధికారమెంత యను విచారము. పొలము విషయమున మీకు తెలిసిన భేదమే యిక్కడను గలదు. సర్వాధికారముల నిచ్చునది జనరల్ ముక్తారునామా. ఫలాని పనికి మాత్రమే యిచ్చునది స్పెషల్ ముక్తారునామా. ఈ వర్తకమునకు రెండవదే మేలు. ఏ పనులు చేయవచ్చునో, ఎంత సొమ్మువఱకు ఒడంబడికలు చేయవచ్చునో, ఏ తేదీవఱకో విడివిడిగా వ్రాయవలెను. ఏవి చేయరాదో కూడ వ్రాయవలెను.

చేయరానివానిలో ముఖ్యములు రెండు. మొదటిది గ్రంథస్వామ్యము. వీడియోలపై గల యీ హక్కును ఇతరులకు బదిలీ చేయుటకు, 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము, హక్కుదారుని వ్రాతపూర్వకమగు సంతకము వలయును. ఆయన యధికారమిచ్చిన ముక్తారు సంతకమైనను చాలును. కావున పత్రములో సర్వాధికారములని వ్రాసినచో, ఏండ్లతరబడి తీసిన వీడియోలు ఒక్క సంతకముతో పరులపాలు కావచ్చును. రెండవది ప్రకటనలు. ముక్తారు ధనాశతో బూటకపు మందునకో నూనెకో ఒప్పుకొన్నను, తెఱమీద కనబడు ముఖము ఆ యువతిది. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము, తప్పుడు ప్రకటనలో సరకును మెచ్చుకొన్నవారికి సైతము 10 లక్షల రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చునని చెప్పుచున్నది. తప్పు మరల చేసినచో 50 లక్షలవఱకు పోవచ్చును. మెచ్చుకొనుటకు ముందు తగిన విచారణ చేసినవారికి మినహాయింపు కలదు. ఆ విచారణ ముక్తారు చేయునో లేదో యెవరు చూచిరి? అందుచేత ప్రతి ప్రకటనకును యజమానురాలి యంగీకారము ముందుగా పొందవలెనని వ్రాయింపుడు.

ఇక తాళపుచెవి మాట. పొలము కదలదు, ఈ యాస్తి యట్టిది కాదు. పాస్‌వర్డును, ఓటీపీ వచ్చు ఫోనును ఎవరి చేతిలో నుండునో, కార్యతః ఆస్తియంతయు వారి చేతిలోనిదే. పాస్‌వర్డు ఈయకయే, వీడియోలు పెట్టుటకును లెక్కలు చూచుటకును ఇతరులను చేర్చుకొను సదుపాయము యూట్యూబులో గలదు. ముక్తారున కట్టి ప్రవేశము చాలును. సొంతదారు స్థానము యజమానురాలియొద్దనే యుండవలెను. రాబడియు ఆమె బ్యాంకు ఖాతాలోనే పడవలెను; ముక్తారుని కష్టమునకు ప్రతిఫలము అందుండి వేరుగా ఈయవచ్చును. ముక్తారు అడిగినపుడెల్ల లెక్క చెప్పవలెననియు, తాను స్వయముగా చేయుదునని యొప్పుకొన్న పనిని సాధారణముగా మఱొకనికి అప్పగింపరాదనియు కాంట్రాక్టు చట్టమే విధించుచున్నది. నెలకొకసారి లెక్క చెప్పవలెనని పత్రములోనే వ్రాసికొన్నచో మొగమాటమునకు తావుండదు.

ముక్తారునామా వలన స్వామ్యము మాఱదు. స్థిరాస్తుల విషయమున, జి.పి.ఏ. మాత్రముచే భూమి విక్రయము కాదని సుప్రీముకోర్టు 2011లో స్పష్టముగా తీర్పు చెప్పినది. ముక్తారు చేయి మాత్రమే, సొత్తు యజమానిదే. ఐనను పత్రములో “రద్దు చేయరానిది” అను మాటగాని, ముక్తారు ఇచ్చిన యప్పు సంగతి గాని కనబడినచో జాగరూకులు కండు. విషయవస్తువునందు ముక్తారునకు సొంత లాభమున్నపుడు, ఆ లాభమునకు భంగము కలుగునట్లు అధికారమును రద్దుచేయుట కాంట్రాక్టు చట్టముచొప్పున కుదరదు. అప్పు వేఱు, ముక్తారునామా వేఱుగా నుంచుడు. రద్దు చేసినపుడు కాగితము చింపివేసిన చాలదు. రద్దు సంగతి ముక్తారునకు తెలిసినపుడే అతని విషయమునను, ఇతరులకు తెలిసినపుడే వారి విషయమునను అది చెల్లును. కావున బ్యాంకునకును వ్యాపారులకును వెంటనే వ్రాసి, ముక్తారుని ప్రవేశమును కూడ ఆనాడే తొలగింపవలెను.

పలువురు గుర్తింపని సంగతి యింకొకటి గలదు. యజమాని మరణించినను, మతిస్థిమితము కోల్పోయినను ముక్తారునామా మన చట్టముచొప్పున సమాప్తమగును. ఏ యాపద కొఱకు దానిని వ్రాయించుకొందుమో, ఆ యాపద ముదిరిన నాడే అది చెల్లకుండ పోవుననుట! ఇంగ్లండులో 2005వ సంవత్సరపు చట్టము ప్రకారము తెలివి తప్పిన పిమ్మటను చెల్లునట్టి పత్రము వ్రాసికొనవచ్చును. మనకట్టి చట్టము లేదు. తెలివి లేక మంచమున పడియున్నవారి యాస్తి చూచుటకు కుటుంబమువారు హైకోర్టుల నాశ్రయించవలసి వచ్చుచున్నది. కేరళ హైకోర్టు 2019లో ఇట్టివారికొఱకు కొన్ని మార్గములు నిర్దేశించినది. యజమాని కిట్టి దుస్థితి కలిగినపుడు ముక్తారు చేతులు ముడిచి కూర్చుండరాదనియు, తనకు అప్పగించిన దానిని కాపాడుటకు తగిన చర్యలు తీసికొనవలెననియు చట్టము చెప్పుచున్నది. అది కాపుదల మాత్రమే. వర్తకము సాగించుటకు అధికారము కాదు.

కావున ముక్తారునామాతోపాటు వీలునామాయు వ్రాసికొనవలెను. అందు పొలము, నగలతోపాటు వీడియోలును వాని రాబడియు చేర్పవలెను. ఖాతా చాలకాలము వాడబడక పోయినచో నమ్మినవారికి కబురందునట్లు చేయు నేర్పాటును గూగుల్ కంపెనీ 2013లో కల్పించినది, దానినియు వినియోగించుకొనవలెను.

పత్రమును స్టాంపు కాగితముపై, వకీలుచేత చిత్తు వ్రాయించి, యజమానికి తెలిసిన భాషలో చదివి వినిపించిన పిమ్మటనే నోటరీ యెదుట సంతకము చేయింపుడు. అమెరికానుండి బిడ్డలు పంపు పత్రమైనచో భారత కాన్సలేటు ధ్రువీకరణము పొందుట మేలు. అది మన దేశము చేరిన మూడు నెలలలోపల దానికి స్టాంపు వేయింపవలెను.

బంధువుపై నమ్మకమున్నపుడు ఇన్ని షరతులెందుకని కొంద ఱందురు. హద్దురాళ్లు పాతుట ఇరుగుపొరుగుపై అనుమానముచే గాదు. రేపటి తగవు లేకుండుటకే. ఆ హద్దురాళ్ల నిచ్చట కాగితముపై పాతింపుడు. బిడ్డల కష్టము వారికే దక్కును, చుట్టఱికమును నిలుచును.