కనబడకుండా ఉండటానికి వెలిగే చేపలు

ముందు నా తప్పొకటి దిద్దుకోవాలి. పోయిన ఎపిసోడ్‌లో యాంగ్లర్ ఫిష్ గురించి చెబుతూ, "తల మీది దీపాన్ని అదే వెలిగించుకుంటుంది" అనేశాను. కామెంట్లలో ఒకరు పట్టేశారు, థాంక్స్. ఆ వెలుగు చేపది కాదు. గాలానికి ఎర వేలాడినట్టు దాని మూతి ముందు వేలాడే బుడిపెలో బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. చేప చోటిచ్చి తిండి పెడుతుంది, అవి దీపం పెడతాయి. అద్దెకు బదులు ఇంటి కరెంటు బిల్లు వాళ్ళే కట్టినట్టు! పైగా ఈ దీపం ఆడచేపలకే ఉంటుంది.

మరి సొంతంగా వెలిగే చేపలు లేవా అంటే, బోలెడున్నాయి. లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలుస్తుంది, లూసిఫెరేజ్ అనే ఎంజైము ఆ పనిని జరిపిస్తుంది, వెలుగు పుడుతుంది. వేడి దాదాపు ఉండదు. మన మిణుగురు పురుగుదీ ఇదే పద్ధతి, కాకపోతే వాడే పదార్థాలు వేరు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన కథ ఉంది. అమెరికా పసిఫిక్ తీరంలో మిడ్‌షిప్‌మన్ అనే చేప ఉంది. మరీ లోతు చేపేం కాదు. నేవీ యూనిఫాం గుండీల్లా దాని పొట్ట మీద వరసగా దీపాలుంటాయి, ఆ పేరు అందుకే. అయితే ప్యూజెట్ సౌండ్ అనే చోట ఉండే మిడ్‌షిప్‌మన్ చేపలకు దీపాలున్నాయి గానీ వెలగవు. కారణం తిండి! లూసిఫెరిన్ ఉన్న ఒక చిన్న రొయ్యజాతి జీవి అక్కడ దొరకదు. దాన్ని తెచ్చి తినిపిస్తే వెలిగాయి. అంటే బల్బు చేపదే, నూనె మాత్రం బయటి నుంచి రావాలన్నమాట.

సరే, అసలు వెలగడం ఎందుకు? చీకట్లో టార్చ్ వేస్తే శత్రువుకు మనమే దొరికిపోతాం కదా? నాకూ ఇదే డౌటు. జవాబు తలకిందులుగా ఉంది: చాలా చేపలు వెలిగేది దాక్కోవడానికే.

200 మీటర్ల నుంచి 1000 మీటర్ల దాకా పై నుంచి సన్నటి నీలి వెలుగు దిగుతూ ఉంటుంది. కింద పొంచి ఉన్న చేప పైకి చూస్తే, మధ్యలో ఈదేది నల్లని నీడలా తెలిసిపోతుంది. అందుకే హ్యాచెట్ ఫిష్ పొట్ట కింద, నేలవైపు తిరిగిన నీలి దీపాలుంటాయి. పైనుంచి ఎంత వెలుగు వస్తే అంతే వెలిగిస్తుంది, పైన తగ్గితే తనూ తగ్గిస్తుంది. మన ఫోన్లో ఆటో బ్రైట్‌నెస్ లాగా. నీడ మాయం.

వేటగాళ్ళూ తక్కువేం కాదు. లోతు చేపల్లో ఎక్కువ వాటికి నీలి వెలుగే కనబడుతుంది. మలకోస్టియస్ అనే డ్రాగన్ ఫిష్‌కి మాత్రం కళ్ళ కింద ఎర్రదీపం ఉంది. ఎరుపు నీళ్ళలో ఎంతో దూరం పోదు, కానీ ఆ కాస్త దూరంలో వేటాడేది అదొక్కటే చూస్తుంది, ఎదుటిదానికి వెలుగు పడిందని కూడా తెలీదు. మరి దీనికెలా కనబడుతుంది? దాని రెటీనాలో పత్రహరితం నుంచి వచ్చిన పదార్థం ఉంది, ఎరుపును పట్టుకునేది అదే. ఎండే తగలని చేప కంట్లో ఆకుపచ్చ మొక్కల సరుకు! ఇది చదివినప్పుడు నేను రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఇంకో ముచ్చట. వెలిగేదాన్ని మింగితే పొట్టలోంచి కాంతి బయటికి కనబడే ప్రమాదం ఉంది కదా? అందుకని చాలా లోతు చేపల పేగు గోడ నల్లగా ఉంటుంది. కర్టెన్ వేసుకుని భోంచేసినట్టు.

ఇవన్నీ అరుదైన వింతలనుకోకండి. క్యాలిఫోర్నియా తీరంలో 17 ఏళ్ళ పాటు తీసిన వీడియోల్లోని మూడున్నర లక్షల జీవులను లెక్కేసి, 2017లో ఫలితం చెప్పారు: వాటిలో 76 శాతం వెలగగలవి. వీటిలో చేపలతో పాటు జెల్లీలూ పురుగులూ ఉన్నాయి.

1934లో విలియం బీబీ, ఓటిస్ బార్టన్ ఒక ఇనప గోళంలో కూర్చుని బెర్ముడా దగ్గర 923 మీటర్లు దిగారు. చిన్న కిటికీలోంచి కనబడిన దీపాలను బీబీ ఫోన్లో పైకి చెబుతుంటే, ఓడ మీద గ్లోరియా హాలిస్టర్ రాసుకున్నారు. ఆ దిగుళ్ళలో చూశానంటూ ఆయన పేర్లు పెట్టిన కొన్ని వెలుగు చేపలు మళ్ళీ ఎవరికీ కనబడలేదు. ఆయన పొరబడ్డాడా, అవి ఇంకా అక్కడే ఉన్నాయా? మీరేమంటారో కామెంట్లో రాయండి.